ప్రవాహానికి బొమ్మ కడితే...

గాలి కంటికి కనిపించదు. నీరు కనిపించినా దాని కదలిక చూపుకి చిక్కదు. పోనీ కంప్యూటర్‌తో లెక్క కట్టిద్దామా అంటే అది అంకెల గుట్టల్ని మన ముందు పోస్తుంది. ఆ గుట్టల్లోంచి సుడుల్నీ వడుల్నీ బయటికి తీసి చూపించే విద్య ఒకటుంది. ఆ బొమ్మలో రంగు తప్పితే గుండెజబ్బు దాక్కుంటుంది. గీత సరిగ్గా పడితే తీరంలోని ఓ ఊరు బతుకుతుంది!

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త వస్తే చాలు... టీవీల్లోనూ సెల్‌ఫోన్లలోనూ ఓ బొమ్మ ప్రత్యక్షమవుతుంది. నీలి సముద్రం మీద వేలాది సన్నని గీతలు పాముల్లా వంపులు తిరుగుతూ ఒకచోట గిర్రున సుడి చుడుతుంటాయి. ఐదో తరగతి చదివే పిల్లాడు కూడా ఆ సుడి మీద వేలు పెట్టి 'తుపాను ఇక్కడుంది' అని చెప్పేస్తాడు. నిజానికి ఆ గీతల్ని ఏ కెమెరా ఫొటో తీయలేదు. ఏ ఉపగ్రహమూ పంపలేదు. వాటిని గీసింది కంప్యూటర్. ఫలానా చోట గాలి ఫలానా దిక్కుకి ఇంత వేగంతో వీస్తుందని చెప్పే లక్షల అంకెలే వాటికి ఆధారం. ఆ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద అచ్చేసి ఇస్తే... తుపాను ఎక్కడుందో కనిపెట్టడానికి శాస్త్రవేత్తలకైనా తల ప్రాణం తోకకొస్తుంది.

అంకెల్ని బొమ్మగా మార్చడం చూడటానికి చిన్న పనే. కానీ విమానం రెక్క దగ్గర్నుంచి గుండె రక్తనాళం దాకా, వంతెన స్తంభం దగ్గర్నుంచి ఉప్పెన హెచ్చరిక దాకా ఎన్నో నిర్ణయాలు ఆ బొమ్మని చూసే జరుగుతున్నాయి. అందుకే దాన్ని ఎలా గీయాలన్న ప్రశ్న చుట్టూ వందేళ్లకు పైగా సాగిన పెద్ద కథే ఉంది.

గళ్ల కాగితం మీద నది

ప్రవాహాన్ని కంప్యూటర్‌కి ఎలా చెప్పాలి? లెక్కల నోటుబుక్కులోని గళ్ల కాగితాన్ని ఊహించుకోండి. దాని మీద ఓ నది పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా పరిచామనుకుందాం. ప్రతి గడిలోనూ మూడు అంకెలు రాయాలి. నీరు పక్కకి ఎంత వేగంతో వెళ్తోంది, ముందుకి ఎంత వేగంతో వెళ్తోంది, అక్కడ పీడనం ఎంత... ఇవీ ఆ మూడు. ఒక గడిలో నీరు కదిలితే పక్క గడి మీద ప్రభావం పడుతుంది. ఆ ప్రభావం ఎంతన్నది చెప్పేవే నేవియర్-స్టోక్స్ సమీకరణాలు. 19వ శతాబ్దంలో పుట్టిన ఆ సమీకరణాలతో క్షణక్షణానికీ అన్ని గళ్ల అంకెల్నీ మారుస్తూ పోవడమే కంప్యూటర్ చేసే పని. దీన్నే సిమ్యులేషన్ అంటారు.

పొడవూ వెడల్పూ మాత్రమే తీసుకుని లోతుని వదిలేస్తే అది రెండు కొలతల సిమ్యులేషన్. నిజమైన నదికి లోతు ఉంటుంది కదా అనొచ్చు. ఉంటుంది. కానీ వందల కిలోమీటర్లు పరచుకున్న సముద్రంలో ఉప్పెన అల ఎలా వస్తుందో తెలుసుకోవాలంటే లోతు మొత్తాన్నీ ఒకే పొరగా భావించినా సరిపోతుంది. లెక్క ఎన్నో రెట్లు తేలికవుతుంది. పైగా ఫలితాన్ని చదునుగా ఉండే కాగితం మీదా తెర మీదా ఉన్నదున్నట్టు చూపించొచ్చు.

ఇక్కడో విశేషం ఉంది. మూడు కొలతల్లో ఈ సమీకరణాల పరిష్కారం ఎప్పుడూ సాఫీగానే ఉంటుందా లేదా అన్నది తేల్చినవారికి అమెరికాలోని క్లే గణిత సంస్థ 2000లో 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. రెండు కొలతల్లో మాత్రం ఆ చిక్కుముడిని అంతకు 40 ఏళ్ల ముందే రష్యా గణిత శాస్త్రవేత్త ఓల్గా లేడిజెన్‌స్కయా విప్పేశారు.

మరి కష్టమంతా ఎక్కడుందీ అంటే... అంకెల్లో! అడ్డం 100, నిలువు 100 గళ్లు పెట్టుకున్నా మొత్తం 10 వేల గళ్లు. గడికి మూడు చొప్పున 30 వేల అంకెలు. అది ఒక్క క్షణానికి. అలా వెయ్యి క్షణాలు లెక్క కడితే 3 కోట్లు. రోజుకి లక్ష అంకెల చొప్పున చదివినా 300 రోజులు పడుతుంది. చదివాక కూడా సుడి ఎక్కడుందో తెలియదు. ఎందుకంటే సుడి ఏ ఒక్క అంకెలోనూ ఉండదు. చుట్టుపక్కల ఉన్న వందల అంకెల పొందికలో ఉంటుంది. దాన్ని ఇట్టే పట్టుకోగలిగేది మనిషి కన్ను.

స్తంభం వెనక సుడులు

ఈ సంగతి కంప్యూటర్లు రాకముందే తెలిసినవాళ్లున్నారు. ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావిన్సీ 500 ఏళ్ల క్రితమే పారే నీటికి అడ్డుగా పలకలు పెట్టి, వెనక లేచే సుడుల్ని జడపాయల్లా గీశాడు. నీటి మెలికల్ని తల వెంట్రుకల వంపులతో పోల్చి రాసుకున్నాడు కూడా. కానీ కంటితో చూసి చేత్తో గీసే బొమ్మకి ఓ హద్దుంది. నీరు ఆగదు. చెయ్యి ఆ వేగాన్ని అందుకోలేదు.

1904లో జర్మనీ ఇంజినీరు లుడ్విగ్ ప్రాంట్ల్ ఆ హద్దుని దాటాడు. ఓ చిన్న నీటి కాలువ చేయించి, చేత్తో చక్రం తిప్పుతూ అందులో నీటిని పారించాడు. మెరిసే సన్నని ఖనిజపు పొడిని నీళ్లలో కలిపాడు. ఆ రేణువుల మెరుపులో ప్రవాహం గీతలు గీతలుగా బయటపడింది. దాన్ని ఫొటోలు తీశాడు. గోడని ఆనుకుని ఉండే పల్చటి పొరలోనే ప్రవాహం గుట్టంతా ఉందని ఆ ప్రయోగాలతో చూపించాడు. విమాన శాస్త్రానికి పునాదిరాయి అదే.

గాట్టింగెన్‌లోని ప్రాంట్ల్ ప్రయోగశాలలోనే మరో తమాషా జరిగింది. ఆయన శిష్యుడు కార్ల్ హీమెంజ్ నీటి కాలువలో ఓ గుండ్రటి స్తంభాన్ని నిలబెట్టి దాని మీద పీడనం కొలుస్తున్నాడు. ఎంత జాగ్రత్తగా చేసినా ప్రవాహం నిలకడగా ఉండటం లేదు. అటూ ఇటూ ఊగుతోంది. స్తంభం సరిగ్గా గుండ్రంగా లేదేమోనని నున్నగా సానపట్టాడు. కాలువ వంకరగా ఉందేమోనని సరిచేశాడు. ఊహూ... ఊగుడు ఆగలేదు. అక్కడే పనిచేస్తున్న యువ శాస్త్రవేత్త థియోడర్ వాన్ కార్మన్ రోజూ వచ్చి 'ఇవాళైనా నిలకడగా ఉందా' అని అడిగేవాడు. రోజూ ఒకటే జవాబు. చివరికి కార్మన్‌కి అనుమానం వచ్చింది. తప్పు స్తంభానిది కాదేమో, ఊగడమే నీటి స్వభావమేమో అని లెక్క వేశాడు. స్తంభం వెనక సుడులు ఒకటి కుడివైపు, తర్వాతది ఎడమవైపు... ఇలా మార్చి మార్చి పుడతాయనీ, ఆ రెండు వరసల మధ్య దూరానికీ ఒకే వరసలోని సుడుల మధ్య దూరానికీ ఓ కచ్చితమైన నిష్పత్తి ఉంటేనే ఆ అమరిక నిలుస్తుందనీ 1911లో తేల్చాడు. ఆ నిష్పత్తి దాదాపు 0.28. దానికే 'కార్మన్ సుడుల బాట' అని పేరు.

అలాంటి సుడుల్ని అంతకు మూడేళ్ల ముందే ఫ్రాన్స్‌లో హెన్రీ బెనార్ నమోదు చేశాడు. ఇటలీలోని బొలోనా నగరంలో ఓ చర్చిలో ఉన్న పాత వర్ణచిత్రంలో నదిని దాటుతున్న సాధువు పాదం వెనక ఇలాంటి సుడులే ఉన్నాయని ఆ తర్వాత కార్మనే తన పుస్తకంలో రాశాడు. గోదావరి వంతెన మీద నిలబడి స్తంభాల వెనక్కి చూసినా నీరు ఇలా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. ఇంకా పెద్ద ఎత్తున చూడాలంటే ఆకాశంలోకి వెళ్లాలి. చిలీ తీరానికి దూరంగా ఉన్న హువాన్ ఫెర్నాండెజ్ దీవుల వెనక మేఘాలు అచ్చం ఇలాగే కుడీ ఎడమా సుడులు చుట్టిన దృశ్యాన్ని 1999 సెప్టెంబరు 15న ల్యాండ్‌శాట్-7 ఉపగ్రహం ఫొటో తీసింది. కొండే స్తంభం... గాలే నది!

ఏడాదిన్నర పట్టిన లెక్క

ఈ సుడుల్ని ప్రయోగంతో కాకుండా కేవలం లెక్కతో పుట్టించగలమా? 1933లో ఎ.థామ్ అనే శాస్త్రవేత్త గుండ్రటి స్తంభం చుట్టూ నెమ్మదిగా పారే ప్రవాహాన్ని చేత్తోనే గళ్లు గళ్లుగా లెక్క కట్టాడు. 1953లో జపాన్ శాస్త్రవేత్త కవగుటి అలాంటి లెక్కనే మీటలు నొక్కే యాంత్రిక గణన యంత్రంతో చేశాడు. వారానికి 20 గంటల చొప్పున ఏడాదిన్నర పట్టింది. ఎంతో శ్రమా ఓర్పూ కావలసి వచ్చాయని తన వ్యాసంలోనే చెప్పుకున్నాడు. ఇప్పుడు ఇంజినీరింగ్ విద్యార్థి చేతిలో ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌కి ఆ లెక్క ఓ లెక్కే కాదు.

ఈ మధ్యలోనే మరో ముచ్చట. 1950లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్ మీద తొలిసారి వాతావరణాన్ని లెక్క కట్టారు. జూల్ చార్నీ, రాగ్నార్ ఫ్యోర్టాఫ్ట్, జాన్ వాన్ నాయ్‌మన్‌లు వాతావరణం మొత్తాన్నీ ఒకే పొరగా, అంటే రెండు కొలతల ప్రవాహంగానే తీసుకున్నారు. ఉత్తర అమెరికా ప్రాంతం మీద 270 బిందువులు. 24 గంటల తర్వాతి వాతావరణం చెప్పడానికి కంప్యూటర్‌కి దాదాపు 24 గంటలే పట్టింది. వాతావరణం కంప్యూటర్ పక్కపక్కనే నడిచాయన్నమాట! వచ్చిన అంకెల్ని పటం మీద పెట్టి, సమాన విలువలున్న చోట్లని కలుపుతూ వంపు గీతలు గీశారు. అసలు వాతావరణ పటంతో పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. లెక్క నిజమా కాదా అన్నది తేలింది ఆ బొమ్మల పోలికలోనే.

కంప్యూటర్‌తో లెక్క కట్టి, కంప్యూటర్‌తోనే బొమ్మా గీయించిన ఘనత లాస్ అలామోస్ వాళ్లకి దక్కుతుంది. అణ్వస్త్రాల తయారీకి పేరుమోసిన అమెరికా ప్రయోగశాల అది. అక్కడ ఫ్రాన్సిస్ హార్లో అనే యువ శాస్త్రవేత్త ప్రవాహాల మీద పనిచేసే చిన్న బృందాన్ని నడిపేవాడు. 1963లో ఆయనా జాకబ్ ఫ్రామ్ కలిసి కాలువలో దీర్ఘచతురస్రాకారపు అడ్డు పెట్టినట్టు లెక్క కట్టారు. కంప్యూటర్ లోపల పారిన ఆ నీటిలో అడ్డు వెనక ఒకటి కుడీ ఒకటి ఎడమా సుడులు పుట్టాయి. హీమెంజ్‌ని సతాయించిన సుడులే! నీళ్లలో రంగు వదిలితే ఎలా ఉంటుందో అలా గీతలు గీయించారు. ప్రయోగశాలలో తీసిన ఫొటోలతో పోలిస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. 'కంప్యూటర్ ప్రయోగాలు' అంటూ 1965లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వారు రాసిన వ్యాసం సామాన్య పాఠకులకీ ఈ విద్యని పరిచయం చేసింది.

ఆ ఏడాదే హార్లో, వెల్చ్ అనే సహచరుడితో కలిసి మరో ఉపాయం కనిపెట్టాడు. గళ్లలో బరువూ గిరువూ లేని చుక్కల్ని చల్లుతారు. ఎటు ప్రవాహం ఉంటే అటు అవి కొట్టుకుపోతాయి. చుక్కలున్నచోట నీళ్లున్నట్టు, లేనిచోట లేనట్టు. గేటు కింద నుంచి దూసుకొచ్చే నీరూ, కట్ట తెగితే విరుచుకుపడే వరదా ఆ చుక్కల గుంపుల్లో కళ్లకు కట్టాయి. 1904లో ప్రాంట్ల్ నీళ్లలో చల్లిన మెరుపు పొడినే హార్లో అంకెల్లో చల్లాడన్నమాట. ఈ హార్లో చిత్రకారుడు కూడా. న్యూమెక్సికోలోని ప్యూబ్లో ఆదివాసుల మట్టిపాత్రల మీద పుస్తకాలు రాసిన నిపుణుడు. 2016లో కన్నుమూశాడు.

గీత... గీతకో అర్థం!

ప్రవాహం బొమ్మలో గీతలన్నీ ఒకటి కావు. చూడటానికి ఒకేలా ఉన్నా మూడు రకాలుంటాయి. అర్థం చేసుకోవడానికి మన ఇంటి ఉదాహరణలే చాలు.

దేవుడి గదిలో అగరుబత్తి వెలిగించారు. పొగ తీగలా పైకి లేచి మెలికలు తిరుగుతోంది. ఆ తీగలో ఉన్న పొగ అంతా ఒకే చోటు నుంచి, కానీ వేర్వేరు క్షణాల్లో బయల్దేరింది. ఇది మొదటి రకం గీత. కాలువలో ఒకచోట రంగు వదిలినప్పుడు కనిపించేదీ ఇదే.

కార్తీక పౌర్ణమి రాత్రి గోదావరిలో ఒకే ఒక్క దీపం వదిలారు. గట్టు మీద కెమెరా పెట్టి చాలాసేపు తెరిచి ఉంచితే ఫొటోలో ఆ దీపం వెళ్లిన దారంతా వెలుగు గీతలా పడుతుంది. ఒకే దీపం నడిచిన బాట. ఇది రెండో రకం.

మూడోది... నది నిండా వేలాది దీపాలున్నాయి. కెమెరాని ఒక్క లిప్తపాటే తెరిచారు. ఒక్కో దీపం చిన్న బాణంలా పడింది. ఆ బాణాల కొసలన్నిటినీ కలుపుతూ గీసిన గీత ఆ క్షణంలో నది మొత్తం ఎటు వెళ్తోందో చెబుతుంది.

ప్రవాహం నిలకడగా ఉంటే మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. సుడులు పుట్టడం మొదలైందో... మూడూ మూడు దారులు పడతాయి. అగరుబత్తి పొగలో సుడిలా కనిపించింది ఆ క్షణానికి అక్కడ తిరుగుతూ ఉండకపోవచ్చు. ఎప్పుడో చుట్టుకున్న పాత మెలిక కావచ్చు. అందుకే బొమ్మ కింద అది ఏ గీతో రాయకపోతే నిపుణులు సైతం పొరబడతారు.

బాణాలతోనూ ఇబ్బందులున్నాయి. గడికో బాణం చొప్పున గీస్తే 10 వేల బాణాలు ఒకదాని మీద ఒకటి పడి బొమ్మంతా ముళ్లకంప అవుతుంది. తగ్గిస్తే రెండు బాణాల మధ్య ఉన్న చిన్న సుడి మాయమవుతుంది. 1993లో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలకు చెందిన బ్రయాన్ కాబ్రల్, లీత్ లీడమ్ దీనికో చక్కటి దారి చూపారు. తెర నిండా నలుపూ తెలుపూ చుక్కల్ని ఇష్టమొచ్చినట్టు చల్లాలి. తర్వాత ప్రతి చుక్కనీ ప్రవాహం ఎటు ఉంటే అటు కాస్త అలకాలి. తడి ముగ్గు మీద చీపురు ఆడించినట్టు చుక్కలన్నీ సన్నని చారలుగా సాగిపోతాయి. ఎక్కడా ఖాళీ ఉండదు. ఏ చిన్న సుడీ తప్పించుకోలేదు.

ఆ చారలకే ప్రాణం పోస్తే? గూగుల్‌లో పనిచేసే ఫెర్నాండా వియేగాస్, మార్టిన్ వాటెన్‌బర్గ్ 2012లో 'విండ్ మ్యాప్' పేరుతో అమెరికా మీద వీచే గాలిని కదిలే తెల్లని గీతలుగా చూపించారు. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం దాన్ని తన సేకరణలో చేర్చుకుంది. దాన్ని చూసి ఉత్సాహపడిన కామెరాన్ బెకారియో అనే ప్రోగ్రామర్ 2013లో ప్రపంచం మొత్తం గాలినీ అలాగే భూగోళం మీద తిప్పాడు. నాసా వాళ్లయితే 2005 జూన్ నుంచి 2007 డిసెంబరు దాకా సముద్రాల ఉపరితల ప్రవాహాల్ని వీడియోగా మలిచి 'పర్పెచ్యువల్ ఓషన్' అని పేరు పెట్టారు. సముద్రం మీద అల్లిన తెల్లని లేసుపనిలా ఉంటుందది. ఇప్పుడు తుపాను వచ్చినప్పుడల్లా మన తెరల మీద కనిపించే గీతలు ఈ వంశంలోవే.

ఇంద్రధనుస్సు చేసిన మోసం

గీతలు దిక్కుని చెబుతాయి. ఎంత అన్నది చెప్పడానికి రంగులు కావాలి. సుడి ఎటు తిరుగుతోందో చూపాలంటే రెండు రంగులు చాలు. ఒక దిశకి ఎరుపు, ఎదురు దిశకి నీలం, తిరగనిచోట తెలుపు. స్తంభం వెనక ఎర్రపూసా నీలం పూసా ఎడం ఎడంగా గుచ్చిన దండలా కార్మన్ బాట అందంగా బయటపడుతుంది.

వేగం, పీడనం, ఎత్తు లాంటి వాటికి మాత్రం చాలాకాలం అందరూ ఇంద్రధనుస్సు రంగులే వాడారు. తక్కువ ఉంటే నీలం, తర్వాత ఆకుపచ్చ, పసుపు, ఎక్కువైతే ఎరుపు. మ్యాట్‌లాబ్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌లో ఈ రంగుల వరసకి 'జెట్' అని పేరు. అమెరికాలోని ఇలినాయ్ సూపర్‌కంప్యూటర్ కేంద్రంలో అంతరిక్షంలోని వాయుధార మీద జరిగిన ప్రవాహ సిమ్యులేషన్‌తో దానికి సంబంధం ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తాను అవే రంగులు వేసేది కాబట్టి ప్రపంచమంతా అవే వాడింది.

సరిగ్గా అక్కడే వచ్చింది చిక్కు. ముదురు ఎరుపు ఎక్కువా, పసుపు ఎక్కువా అని పక్కింటి పాపని అడిగి చూడండి. చెప్పలేదు. ఎందుకంటే ఇంద్రధనుస్సులో ఏది ముందో ఏది వెనకో మన కంటికి పుట్టుకతో తెలియదు. దేనిది ఎక్కువ వెలుగో, దేనిది తక్కువ వెలుగో మాత్రమే తెలుస్తుంది. ఆ వరసలో అన్నిటికన్నా ప్రకాశవంతంగా ఉండే పసుపు మధ్యలో ఎక్కడో ఉంటుంది. దాంతో చూపు అక్కడికే పోతుంది. అసలు ప్రమాదం కొసన చీకట్లో కూర్చుంటుంది. ఆకుపచ్చ ఉన్నంత మేరా తేడాలు కలిసిపోతాయి. రంగు చటుక్కున మారేచోట లేని గట్టు ఉన్నట్టు కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వారికైతే ఆ బొమ్మ సగం వృథా.

'పోనిద్దురూ, రంగుల గొడవే కదా' అనిపిస్తోందా? 2011లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మిషెల్ బోర్కిన్ బృందం చేసిన పరిశోధన వినండి. రోగుల గుండె ధమనుల ఆకారాన్ని తీసుకుని వాటిలో రక్తం ఎలా పారుతుందో కంప్యూటర్‌లో లెక్క కట్టారు. ధమని గోడ మీద రక్తం ఒరిపిడి మరీ తక్కువగా ఉన్నచోట కొవ్వు పేరుకునే ముప్పు ఎక్కువ. ఆ చోట్లు పసిగట్టమని వైద్య విద్యార్థులకి బొమ్మలిచ్చారు. మూడు కొలతల ధమని బొమ్మకి ఇంద్రధనుస్సు రంగులు వేసి ఇస్తే ముప్పున్న చోట్లలో నూటికి 39 మాత్రమే పట్టుకోగలిగారు. అదే ధమనిని చాపలా విప్పి రెండు కొలతల బొమ్మగా, అవే రంగులతో ఇస్తే 62 అయ్యాయి. రంగులు మార్చి, నలుపు నుంచి ఎరుపుకి క్రమంగా మారేలా ఇస్తే ఏకంగా 91 దొరికాయి! రక్తం అదే. లెక్క అదే. అంకెలూ అవే. మారింది బొమ్మ గీసిన తీరు ఒక్కటే.

ఇలాంటి పరిశోధనలతో సాఫ్ట్‌వేర్లు దారి మార్చుకున్నాయి. 2014లో మ్యాట్‌లాబ్ 'జెట్'ని పక్కకి తప్పించింది. శాస్త్రవేత్తలు ఉచితంగా వాడుకునే మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017 నుంచి 'విరిడిస్' అనే కొత్త వరసని ముందుకు తెచ్చింది. ముదురు ఊదాతో మొదలై ఆకుపచ్చ మీదుగా లేత పసుపుకి చేరుతుందది. విలువ పెరిగేకొద్దీ వెలుగూ పెరుగుతుంది. నలుపు తెలుపుల్లో జిరాక్సు తీసినా అర్థం మారదు.

ఉప్పెన ఎంత దూరం వస్తుంది?

తెలుగువాళ్లకి ఈ బొమ్మల విలువ మరీ దగ్గరగా తెలిసేది ఉప్పెన దగ్గరే. 1977 నవంబరు 19న దివిసీమని ముంచెత్తిన ఉప్పెన దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. గాలికన్నా నీరే ఎక్కువ ప్రాణాలు తీసింది. తుపాను వస్తోందని తెలిసినా సముద్రం ఎంత ఎత్తు లేస్తుందో, ఏయే ఊళ్ల దాకా వస్తుందో ముందుగా చూపే పటం ఆనాడు ఆ పల్లెల చేతిలో లేదు.

ఇప్పుడు ఆ లెక్క కట్టే సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. 1999లో మొదలైన ఇన్‌కాయిస్... భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. సునామీ హెచ్చరికల కేంద్రం 2007 అక్టోబరు నుంచి ఇక్కడే పనిచేస్తోంది. ఉప్పెన అంచనాకి వీళ్లు వాడే అడ్‌సర్క్ అనే మోడల్ రెండు కొలతలదే. సముద్రపు లోతుని ఒకే పొరగా తీసుకుంటుంది. దీని కాగితం మీద ఉండేవి చదరపు గళ్లు కావు, త్రిభుజాలు. నడిసంద్రంలో పెద్దపెద్దవి, తీరానికి దగ్గరయ్యేకొద్దీ చిన్నవి. నదీముఖాలూ ఏటిపాయలూ ఉన్నచోట మరీ చిన్నవి. ఎక్కడ వివరం కావాలో అక్కడే లెక్క ఎక్కువ చేయాలన్న ఉపాయమది. తుపాను దారీ గాలి వేగమూ పీడనమూ అందిస్తే ఏ తీరంలో నీరు ఎన్ని మీటర్లు లేస్తుందో, లోపలికి ఎంత దూరం వస్తుందో రంగుల పటంగా వస్తుంది. ఆ వివరాలు వాతావరణశాఖ ఇచ్చే తుపాను బులెటిన్లలోకి వెళ్తాయి.

ఆ పటాన్ని చదివేది సముద్ర శాస్త్రవేత్తలే కాదు. కలెక్టరు చూడాలి. తహసీల్దారు చూడాలి. ఏ ఊరిని ఖాళీ చేయించాలో, ఏ దారి మునగకుండా ఉంటుందో అర్ధరాత్రి వేళ నిమిషాల్లో తేల్చుకోవాలి. అర మీటరు నీటికీ రెండు మీటర్ల నీటికీ మధ్య ఉన్న తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనిపించాలి. మోకాలి లోతుకీ మనిషిని ముంచే లోతుకీ ఒకే ఛాయ ఆకుపచ్చ పడితే ఎంత గొప్ప లెక్కయినా ఆ రాత్రికి పనికిరాదు.

అందమైన బొమ్మ... నిజమేనా?

బొమ్మ ఎంత బాగుంటే అంత నమ్మేస్తాం. అదే ప్రమాదం. వాతావరణాన్ని చేత్తో లెక్క కట్టిన తొలి మనిషి, బ్రిటన్‌కు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్, ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు మారుతుందని తేల్చాడు. అసలు ఆ రోజు పీడనం దాదాపు మారనే లేదు. ఆ తప్పుని దాచకుండా 1922లో తన పుస్తకంలో అచ్చేశాడు. అలాంటి లెక్కకి ఇప్పటి రంగులు అద్ది తెర మీద తిప్పితే ఎవరైనా నిజమేననుకుంటారు.

అందుకే సిమ్యులేషన్ చేసేవాళ్లకి కొన్ని పరీక్షలున్నాయి. వాటిలో అన్నిటికన్నా పేరున్నది ఓ చదరపు డబ్బా. డబ్బా నిండా నీళ్లు, పైమూత మాత్రం పక్కకి జరుగుతూ ఉంటుంది. లోపల ఒక పెద్ద సుడి, మూలల్లో చిన్న సుడులు పుడతాయి. అమెరికాలోని సిన్సినాటిలో పనిచేసిన ఊర్మిళా ఘియా, కీర్తి ఘియా దంపతులు షిన్ అనే పరిశోధకుడితో కలిసి 1982లో ఆ డబ్బా లోపలి వేగాల్ని ఎంతో నిశితంగా లెక్కించి పట్టికలుగా ప్రచురించారు. ఇప్పటికీ కొత్త ప్రోగ్రాం రాసిన ప్రతి విద్యార్థీ ముందుగా ఆ డబ్బాలో నీరు తిప్పి, తన అంకెలు ఆ పట్టికతో సరిపోయాయో లేదో చూసుకుంటాడు. తర్వాత గళ్లని రెట్టింపు చేసి బొమ్మ మారుతుందేమో చూస్తాడు. మారిందా... ఇంకా నమ్మకూడదన్నమాట.

రెండు కొలతలకీ ఓ పరిమితి ఉంది. మూడు కొలతల ప్రవాహంలో పెద్ద సుడులు విరిగి చిన్నవవుతాయి. రెండు కొలతల్లో మాత్రం చిన్న సుడులు ఒకదాన్నొకటి కలుపుకుని పెద్దవవుతాయి. 1967లో రాబర్ట్ క్రైక్‌నాన్ చెప్పిన సంగతి ఇది. అందుకే వాతావరణంలాంటి పల్చటి, విశాలమైన ప్రవాహానికి నప్పిన బొమ్మ కుళాయి నుంచి దూకే నీటికి నప్పదు.

కాబట్టి ఈసారి తెర మీద రంగురంగుల ప్రవాహం బొమ్మ కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. రంగు దేన్ని చెబుతోంది... వేగాన్నా, ఎత్తునా, వాననా? పక్కన ఉండే రంగుల కొలబద్దలో సున్నా ఎక్కడుంది? ఆ బొమ్మ ఏ సమయానిది... ఇప్పటిదా, రేపటి అంచనానా? జవాబులు బొమ్మ మీదే రాసి ఉంటే దాన్ని గీసినవాళ్లకి పని తెలుసు. లేకపోతే అది ఒట్టి అలంకారం.

* * *

పళ్లెంలో సుడుల బాట

కార్మన్ సుడుల్ని చూడటానికి ప్రయోగశాలే అక్కర్లేదు. వెడల్పాటి స్టీలు పళ్లెం తీసుకుని రెండు వేళ్ల ఎత్తున నీళ్లు పోయండి. నీళ్లు పూర్తిగా కదలకుండా నిలిచాక పైన పల్చగా పసుపు పొడి చల్లండి. ఓ పెన్సిల్‌ని నిటారుగా ముంచి, పళ్లెం ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా జరపండి. మరీ నెమ్మదిగా జరిపితే పసుపు పక్కకి తప్పుకుని మళ్లీ కలుస్తుంది. కాస్త వేగం పెంచితే పెన్సిల్ వెనక పసుపు కుడికోసారి, ఎడమకోసారి చుట్టలు చుడుతుంది. పిల్లల చేత వేర్వేరు వేగాలతో చేయించండి. ఏ వేగం దగ్గర చుట్టలు మొదలయ్యాయో, లావు పెన్సిల్‌కీ సన్న పుల్లకీ తేడా ఏమిటో రాసుకోమనండి. వీలైతే సెల్‌ఫోన్‌తో పైనుంచి వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూడండి. చుట్టలు ఒకదానికొకటి ఎదురెదురుగా కాకుండా ఎడం ఎడంగా పడతాయి. హీమెంజ్ తన కాలువలో ఆపలేకపోయింది దాన్నే!